ముప్పై లక్షల తీర్పు, రెండు వేల జరిమానా

తెల్లవారక ముందే బాగేపల్లి బస్టాండులో కేకలు మొదలవుతాయి. "బెంగళూరు, బెంగళూరు, బెంగళూరు!" దుకాణాల బోర్డులన్నీ కన్నడం, బేరాలన్నీ తెలుగు. బస్సు వచ్చేదాకా ఓపిక పట్టలేనివాళ్లు సుమో ఎక్కుతారు. డ్రైవరు పక్కన ఇద్దరు, మధ్య సీట్లో నలుగురు, వెనక ఎందరు పడితే అందరు. ఒళ్లో పిల్ల ఉంటే టికెట్టు లేదు.

2023 అక్టోబరు 26, గురువారం. విజయదశమి వెళ్లి రెండు రోజులైంది. ఆంధ్రలోని గోరంట్ల వైపు ఊళ్ల నుంచి బెంగళూరుకు కూలి పనులకు పోయి అక్కడే ఉంటున్న జనం పండక్కి వచ్చి మళ్లీ పనిలోకి బయలుదేరిన రోజులవి. బాగేపల్లి వైపు నుంచి ఒక టాటా సుమో వాళ్లతో నిండుగా కదిలింది. ఉదయం 7 గంటల ప్రాంతం. నంది కొండల చుట్టుపక్కల ఆ వేళకు మంచు కమ్ముకుని ఉంటుంది. ముందు పోయే బండి ఎర్ర లైటు దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. చిక్కబళ్లాపురం దగ్గర 44వ జాతీయ రహదారి పక్కన ఒక ట్యాంకరు ఆగి ఉంది. ఎదురుగానే ట్రాఫిక్ పోలీస్ స్టేషను. సుమో వెళ్లి ఆ ట్యాంకరు వెనక్కి దూరిపోయింది. 13 మంది పోయారు. అందులో ఆడవాళ్లూ ఉన్నారు.

దానికి రెండేళ్ల ముందు, 2021 సెప్టెంబరు 12 ఆదివారం, చింతామణి దగ్గర కిక్కిరిసిన జీపు ఒకటి సిమెంటు లారీని ఢీకొంది. 8 మంది.

ఈ రెండు వార్తలూ దేశమంతా చదివింది. పెద్దల సంతాపం, మంత్రుల పరామర్శ, ఆసుపత్రి ముందు టీవీ బండ్లు, అన్నీ ఆ రోజుకు ఆ రోజు జరిగిపోయాయి. మూడో రోజు నుంచి ఇంటికి వచ్చే కాగితాల సంగతి మాత్రం పేపర్లో రాదు. ఆ కాగితాల్లో మొదట చూడాల్సినది గుద్దిన బండి ఇన్సూరెన్స్. అది లేకపోతే ఒక ఇల్లు ఎలా నడుస్తుందో చెప్పడానికే ఈ గాథ. ఇందులో మనుషులకు పేర్లు లేవు, ఎందుకంటే వాళ్లు ఏ ఒక్క ఇంటివాళ్లూ కారు. ఇలాంటి కేసు ఏ తోవలో నడుస్తుందో ఆ తోవలో వాళ్లను నడిపించాను. ఊళ్లు, చట్టం, తీర్పులు, అంకెలు మాత్రం ఉన్నవే.

2022 చివర్లో అనుకుందాం. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల చట్టంలో కొత్త లెక్కలు అమల్లోకి వచ్చాయి కాబట్టి ఆ ఏడాదే పెట్టుకుంటున్నాను.

చేలూరు దగ్గర ఒక పల్లె. రైతుకు 38 ఏళ్లు. రాత్రి కోసిన టమోటా బాక్సులు మినీ లారీలో చింతామణి మార్కెట్టుకు ముందే పోయాయి. తూకం దగ్గర మనిషి లేకపోతే బాక్సుకు కేజీ తరుగు ఎక్కువ రాస్తారని అతను వెనకాలే బైకు మీద బయలుదేరాడు. మలుపులో ఎదురుగా వచ్చిన తెల్ల కారు అతని వైపుకు వచ్చేసింది.

చింతామణి ఆసుపత్రిలో తలకు కట్టు కట్టి బెంగళూరు నిమ్హాన్స్‌కు తీసుకుపొమ్మన్నారు. నాలుగు రోజులు ఉన్నాడు. ఆ నాలుగు రోజులకు స్కానింగులు, మందులు, అంబులెన్సు, బయట తిండి, అన్నిటికీ తమ్ముడే ఫోన్ పే కొట్టాడు. తమ్ముడంటే భార్య తమ్ముడు. బాగేపల్లిలో సెల్‌ఫోను రిపేరు షాపు. (ఇవాళైతే ఆ ఖర్చులో కొంత తప్పేది. 2025 మే 5న వచ్చిన నగదు లేని చికిత్స పథకంలో ప్రమాదం జరిగిన ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు వైద్యం ఉచితం, గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేకపోయినా సరే. 112కు ఫోన్ చేసి ఆ పథకం కింద గుర్తించిన ఆసుపత్రి ఏదో అడగాలి.)

ఐదో రోజు మట్టి చేసి వచ్చారు. ఆరో రోజు తమ్ముడు స్టేషన్‌కు పోయాడు. ఎఫ్ఐఆర్ కన్నడంలో ఉంది. 279, 304-ఎ సెక్షన్లు. కారు స్టేషన్ ఆవరణలో వేపచెట్టు కింద ముక్కు పగిలి నిలబడి ఉంది. తమ్ముడు దాని నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టాడు. ఓనరు పేరు సగం చుక్కలతో వచ్చింది. కింద ఇన్సూరెన్స్ గడువు, అది ముగిసి పద్నాలుగు నెలలు.

ఇంటికి వచ్చి మెల్లగా చెప్పాడు.

"అక్కా, బండికి ఇన్సూరెన్స్ లేదంట."

"లేకుంటే ఏమవుతాది?"

"కంపెనీ ఇయ్యదు. ఆ బండోళ్ల దగ్గర్నుంచే రాబట్టుకోవల్ల."

"వాళ్ల దగ్గర ఉండాదా?"

తమ్ముడు మాట్లాడలేదు. కారు పన్నెండేళ్ల పాతది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 1000 నుంచి 1500 సీసీ కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నుంచి 3,416 రూపాయలు, పన్ను అదనం. ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే మొదటిసారి జరిమానా, చట్టం 196వ సెక్షన్ ప్రకారం, 2,000. మూడు నెలల దాకా జైలు అని కూడా ఆ సెక్షన్‌లో ఉంది కానీ ఎవరైనా పోయారా అంటే నాకు తెలిసినంతలో ఎవరినీ చూడలేదు. పట్టుబడటం ఏడాదికి ఒకసారి కూడా ఉండదు. కట్టడం కంటే కట్టకపోవడమే చవక అని చట్టమే లెక్క వేసి చేతికిచ్చినట్టుంది. రోడ్డు మీద తిరిగే బండ్లలో సగానికి పైగా ఇన్సూరెన్స్ లేనివేనని బీమా రంగం లెక్కలే చెబుతూ వస్తున్నాయంటే ఆశ్చర్యం దేనికి?

ఏడో రోజు ఇంటికి రెండు బేరాలు వచ్చాయి.

మొదట వచ్చినవాడు మర్యాదగా వచ్చాడు. మెడలో కండువా, చేతిలో డైరీ. "అమ్మా, నేను చానా కేసులు చేసినాను. ఒక బండి ఉండాది, దానికి ఇన్సూరెన్స్ జీవంగా ఉండాది. అదే గుద్దిందని సాక్షి నిలబడతాడు. కంపెనీ కట్టేస్తాది. నాకు వచ్చిందాంట్లో నూటికి ముప్పై." తమ్ముడికి కాసేపు ఆశ పుట్టింది, అది దాచుకోవడం ఎందుకు. అత్త మాత్రం గోడకానుకుని కూర్చున్న చోటి నుంచే అంది: "నా కొడుకును ఏ బండి గుద్దిందో ఊరంతా చూసినారప్పా. ఇంకో బండి పెడితే, రేపు వానిది కూడా అబద్ధం సావు అంటారు." బ్రోకరు డైరీ మూసుకున్నాడు. ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటి దొంగ క్లెయిములు తవ్వడానికి ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయాల్సి వచ్చింది. దొరికితే క్లెయిము పోవడమే కాదు, క్రిమినల్ కేసు ఎదురొస్తుంది.

రెండోసారి వచ్చింది కారు నడిపినవాడి తరఫు పెద్దమనుషులు. గోరంట్ల వైపు ఊరు. జీపులో ఐదుగురు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "పోయిన మనిషి రాడు. లక్షన్నర తెచ్చినాము. కేసు గీసు వద్దు, ఈడనే రాసుకుందాము." నగదు టవల్లో చుట్టి ఉంది. మరో కాగితం కూడా తెచ్చారు, ఫోన్‌లో: ఇన్సూరెన్స్ పాలసీ. తమ్ముడు తీసుకుని చూశాడు. తేదీ ప్రమాదం జరిగిన రోజుదే. గంట చూశాడు. పాలసీ ఆ రోజు గడిచాక వచ్చే అర్ధరాత్రి నుంచి మొదలు. ప్రమాదం ఉదయం ఆరున్నరకు. గుద్దిన తర్వాత కట్టారు.

"పాలసీ మీద గంట రాసుంటే ఆ గంట నుంచే లెక్క" అని చిక్కబళ్లాపురం లాయరు తర్వాత చెప్పాడు. జికూభాయ్ కేసులో సుప్రీంకోర్టు మాట అది. ఇన్సూరెన్స్ పాలసీలో ఆ ఒక్క వరస మీద వేలెత్తి చూపించడానికే కంపెనీ లాయర్లు కోర్టుకు వస్తారని నవ్వాడు కూడా.

లక్షన్నర తీసుకోలేదు. తీసుకోవాలని ఊళ్లో సగం మంది అన్నారు. పోయిన రైతు భార్యకు ఇద్దరు పిల్లలు, అత్త, మార్కెట్లో మండీ బాకీ. తీసుకుని ఉంటే తప్పనడానికి మనమెవరం? కానీ స్టాంపు కాగితం మీద "ఇకపై ఏ క్లెయిమూ లేదు" అని సంతకం పెట్టాక కోర్టులో మొదటి ప్రశ్న ఆ కాగితం గురించే వస్తుంది.

లాయరు గది చిక్కబళ్లాపురం కోర్టు ఎదుట. కారు నడిపినవాడిది ఆంధ్ర అయినా కేసు ఇక్కడే వేయవచ్చు. ప్రమాదం జరిగిన చోట గానీ, క్లెయిము వేసేవాళ్లు ఉండే చోట గానీ ట్రిబ్యునల్‌కు పోవచ్చని 166వ సెక్షన్. ఆరు నెలల్లోపు వేయాలి, అది కూడా 2022 ఏప్రిల్ నుంచే. పోలీసులు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక పంపాలని అదే ఏడాది నియమం. పంపారా అని రెండు వారాలకొకసారి పోయి అడగమని లాయరు తమ్ముడికి చెప్పాడు. అడగకపోతే ఆ ఫైలు అలా కూర్చునే ఉంటుంది.

తర్వాత కాగితం మీద లెక్క వేశాడు. టమోటా రైతు ఆదాయానికి జీతం చీటీ ఉండదు. కోర్టు నెలకు 15,000 అని ఒప్పుకుంటే? 40 ఏళ్ల లోపు కాబట్టి రేపటి పెరుగుదలకు 40 శాతం కలిపితే 21,000. ఇంట్లో ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. 38 ఏళ్ల వయసుకు సుప్రీంకోర్టు సర్లా వర్మ తీర్పు పట్టికలో గుణకం 15. మొత్తం 28,35,000. భార్య, పిల్లలు, తల్లికి సాహచర్యం కోల్పోయినందుకు, అంత్యక్రియలకు, ఆస్తి నష్టానికి కలిపితే 30 లక్షలు దాటుతుంది.

ఆమె ఆ అంకె కింద గీత గీయమంది. గీశాడు.

"ఇదంతా వస్తాదా సార్?"

"తీర్పు వస్తాదమ్మా. డబ్బు వేరే పని."

ఆ వేరే పనిలో మొదటి అడుగు స్టేషన్ ఆవరణలోని ఆ కారే. జయప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు 2009లోనే అంది: ఇన్సూరెన్స్ లేకుండా గుద్దిన బండిని సెక్యూరిటీ కట్టకుండా వదలొద్దని. చాలా రాష్ట్రాలు దాన్ని కాగితంలోనే ఉంచాయి. 2018లో ఉషాదేవి కేసులో మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. కర్ణాటక తన మోటారు వాహనాల నియమాల్లో 232-జి అని చేర్చుకుంది. ఓనరు నష్టపరిహారానికి తగ్గ సెక్యూరిటీ చూపిస్తేనే బండి బయటికి పోతుంది. లేకపోతే మూడు నెలల తర్వాత వేలం వేసి ఆ సొమ్ము ట్రిబ్యునల్‌లో జమ చేయాలి. మామూలు ప్రమాదాల్లో అయితే బండి బాండు మీద వారానికే ఇంటికి చేరుతుంది. ఎవరూ అడ్డం చెప్పకపోతే ఇక్కడా చేరిపోయేది. లాయరు మెమో వేశాడు. కారు కదలలేదు. వేలంలో 1,10,000 పలికింది.

30 లక్షలకు లక్షా పదివేలు. మిగతాది ఎవరి దగ్గర?

ఈ కథలో ఇక్కడ కొత్త మనిషి వస్తాడు. ఆర్‌సీలో ఉన్న ఓనరు కారు నడిపినవాడు కాదు. చింతామణి వైపు చిన్న కిరాణా అంగడి ఆయనది. రెండేళ్ల కిందట కారు గోరంట్ల మనిషికి 90,000కు అమ్మాడు. డబ్బు తీసుకున్నాడు, తాళాలిచ్చాడు, ఫారం 29, 30 సంతకాలు పెట్టి ఇచ్చాడు. కొన్నవాడు ఆర్‌టీఓ ఆఫీసుకు పోలేదు. పేరు మారలేదు. ఇన్సూరెన్స్ కూడా ఆయన పేరు మీదే గడువు ముగిసింది. సరిహద్దుకు ఇటూ అటూ చేతులు మారే పాత బండ్లలో ఇలా పేరు మారనివి ఎన్నో.

కోర్టు నోటీసు పోగానే ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. "నాకు ఏం సంబంధం సార్, నేను అమ్మేసినాను" అని అమ్మకం కాగితం చూపించాడు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పేసింది: ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో ఓనరు వాళ్లే. ఎవరెవరికి అమ్ముకుంటూ పోయారో వెతుక్కోవడం బాధితుల పని కాదు. ట్రిబ్యునల్ ఇద్దరి మీదా తీర్పు ఇస్తుంది. ఆయన కొన్నవాడి దగ్గర రాబట్టుకోవాలంటే అది ఆయన తలనొప్పి.

నాకు ఆ అంగడి మనిషి మీద జాలి ఉంది. బండి అమ్మాక ఆర్‌టీఓకు ఒక కాగితం పెట్టడానికి రెండు గంటలు పట్టి ఉండేది. ఆ రెండు గంటలు ఆయనకు కొడుకు పెళ్లికి దాచుకున్న సైటంత ఖరీదు అయ్యాయి.

కేసు నడిచే ఆ రెండేళ్లూ ఇల్లు దేంతో నడిచింది? ఇక్కడే మన వాళ్లు తరచూ మరిచిపోయే పెట్టె ఒకటి ఉంది. సొంత ఇంట్లోదే.

తమ్ముడు మొదట బావ బైకు పాలసీ బయటికి తీశాడు. ఓనరు తానే నడుపుతూ పోతే, లైసెన్సు ఉంటే, ఆ పాలసీలోని వ్యక్తిగత ప్రమాద కవరు నుంచి ఇంటికి 15 లక్షలు రావాలి, గుద్దినవాడికి ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా. ఆర్‌సీ తిప్పి చూశాడు. బైకు బావ వాళ్ల చనిపోయిన నాన్న పేరు మీదే ఉంది. అన్నదమ్ములు ఎవరూ మార్చుకోలేదు. ఓనరు బావ కాదు. 15 లక్షలు అక్కడే పోయాయి.

తర్వాత బ్యాంకు పాసుబుక్కు. చివరి ఎంట్రీల్లో 2022 జూన్‌లో ఒక చిన్న కటింగ్: 20 రూపాయలు, పక్కన పీఎంఎస్‌బీవై. బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు ఎవరో సంతకం తీసుకుని ఉంటారు. అతనికీ గుర్తు ఉండి ఉండదు. ప్రధానమంత్రి సురక్షా బీమా. ఆ ఏడాదే 12 నుంచి 20కి పెంచారు. ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, నామినీ ఆధార్ పట్టుకుని ఆమె బాగేపల్లి బ్యాంకుకు పోయింది. 30 రోజుల్లోపు చెప్పాలన్నారు. ఇరవై ఆరో రోజు అది. పెద్ద అంకెలన్నీ కోర్టులో తిరుగుతుండగా మొదట చేతికొచ్చింది ఆ 20 రూపాయల డబ్బే. మండీ బాకీ తీరింది, పిల్లవాడి ఫీజు తీరింది.

2025లో తీర్పు వచ్చింది. వడ్డీతో 30 లక్షలు దాటింది. ఆ రోజు కోర్టు బయట ఎవరూ స్వీట్లు పంచలేదు, ఎందుకంటే డబ్బు కట్టే కంపెనీ లేదు. ఓనరుకు, నడిపినవాడికి కట్టమని ఆర్డరు. వాళ్లు కట్టలేదు.

ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేశారు. తీర్పు అమలు చేయించుకోవడానికి ట్రిబ్యునల్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలన్నీ ఉన్నాయని 2019 సవరణ చెప్పింది. లేకపోతే 174వ సెక్షన్ కింద జిల్లాధికారికి సర్టిఫికెట్ పంపి శిస్తు బాకీలా వసూలు చేయించవచ్చు. ఏ దారికైనా ఆస్తి చూపించాల్సింది క్లెయిము వేసినవాళ్లే. తమ్ముడు అంగడి మనిషి సైటు కాగితాలు, పొలం పహణి తీసుకొచ్చాడు. గోరంట్ల మనిషి పేరు మీద ఆంధ్రలో ఎకరన్నర, అడంగల్‌లో అన్నతో కలిపి ఉంది. అక్కడికి ఆ జిల్లా కోర్టుకు డిక్రీ బదిలీ చేయించాలి. అది మళ్లీ ఒక ఫైలు, మళ్లీ ఒక లాయరు.

సైటు జప్తుకు ఆర్డరు వచ్చిన వారానికి అంగడి ఆయన, ఆయన భార్య కలిసి పల్లెకు వచ్చారు. ఈసారి పెద్దమనుషులు లేరు, జీపు లేదు. బస్సు దిగి నడుచుకుంటూ వచ్చారు. ఆయన భార్య లోపలికి పోయి అత్త పక్కన కూర్చుంది. ఆయన అరుగు మీదే నిలబడ్డాడు.

"అమ్మా, మూడు కంతుల్లో కట్టుకుంటాను. సైటు వేలం వద్దని చెప్పండమ్మా."

ఆమె కొంగు సర్దుకుని బయటికి వచ్చింది. ఇప్పుడు ఆమెకు ఈ భాష వచ్చింది.

"మూడు కంతులంటే నాకు ఒప్పుదలే. మొదటి కంతు జూన్‌లోపు కోర్టులో జమ చేయండి, నా చేతికి వద్దు. జాయింట్ మెమో మా లాయరు రాస్తాడు. అంతవరకు సైటు మీద జప్తు అట్నే ఉంటాది."

ఆయన తలూపాడు. తమ్ముడు ఫోన్ తీసి లాయరుకు కలిపాడు.